ఫోనులో ఈల వేసే మామయ్య

తిబూర్సియో మామయ్య ఫోనులో మాట్లాడడు. ఈల వేస్తాడు.

నోరు లేక కాదు. ఎదురుగా నిలబడితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కాఫీ చెట్లకు పట్టిన తెగులుతో మొదలుపెట్టి, తన పెళ్లినాటి వాన మీదుగా, మీ మోకాలి నొప్పికి మందు దాకా వస్తాడు. ఆ మందు ఎలా వాడాలో చెప్పేలోపు మళ్లీ వానలోకి వెళ్లిపోతాడు. అలాంటి మనిషి చేతికి ఫోను ఇవ్వగానే రెండు వేళ్లు మడిచి నాలిక కింద పెట్టి, కళ్లు మూసుకుని, కిటికీ అద్దాలు అదిరేలా ఈల అందుకుంటాడు. ఊరి ఫోను ఆఫీసు పక్కనే పెత్రోనిలా అత్త టర్కీ కోళ్ల దొడ్డి ఉంది. ఈల వినపడగానే అందులోని పదకొండు కోళ్లూ ఒక్కసారిగా గలగలమని జవాబిస్తాయి. ఈయన ఆగితే అవి అందుకుంటాయి, అవి ఆగితే ఈయన అందుకుంటాడు. అవతల ఫోను పట్టుకున్నవాడికి ఎవరికి జవాబు చెప్పాలో అర్థం కాదు.

ఈ అవమానమంతా పడేది ఒడిలియా. ఆమె ఆయన మేనకోడలు. పైగా ఆ ఆఫీసు ఆమె చేతిలోనే ఉంది.

మెక్సికోలోని వహాకా కొండల్లో మూడు వందల గడపలున్న సాన్ ఫెర్మిన్‌కు ఏ కంపెనీ టవరు వెయ్యలేదు. చివరికి ఊరే పూనుకుంది. ఇంటికో మనిషి చొప్పున వచ్చి, స్తంభాన్ని భుజాల మీద మోసి, చర్చి వెనక మిట్ట మీద నిలబెట్టారు. యంత్రాల పని నేర్చుకు రమ్మని ఊరిసభ ఒడిలియాను మూడు నెలలు నగరానికి పంపింది. ఆమె ఒక సర్టిఫికెట్టు తెచ్చుకుంది. దానికి అద్దం కట్టించి, బల్ల వెనక గోడకు తగిలించింది. ఊళ్లో ఆడపిల్ల చేతికి ఇంత పని అప్పగించడం అదే మొదలు. తన ఆఫీసును ఎవరూ నవ్వులాటగా చూడకూడదని ఆమె పట్టుదల. మామయ్య మాత్రం రోజూ వచ్చి నవ్వించి పోయేవాడు.

సాన్ ఫెర్మిన్ మగవాళ్లకు ఈల కొత్తేమీ కాదు. ఇక్కడి భాషలో ప్రతి మాటకూ ఒక రాగం ఉంటుంది. మాట మింగేసి రాగం ఒక్కటే ఈలగా వేస్తే చాలు, లోయ అవతల మొక్కజొన్న చేలో ఉన్నవాడికి సంగతంతా తెలిసిపోతుంది. ఎద్దు తప్పిపోయినా, కొడవలి కావాలన్నా, ఊరిసభకు రమ్మన్నా ఈలే. ఆడవాళ్లకు అదంతా అర్థమవుతుంది, కానీ వాళ్లు వెయ్యరు. వెయ్యకూడదని ఎవరూ చెప్పలేదు. వెయ్యరు, అంతే. ఫోన్లు వచ్చాక కుర్రాళ్లు కూడా మానేశారు. కొండ మీద వెయ్యాల్సిన ఈలను ఫోనులో వేసే మనిషి మాత్రం తిబూర్సియో మామయ్య ఒక్కడే.

"నీకు నోరుంది కదా మామయ్యా, మాట్లాడొచ్చు కదా?" అని ఒడిలియా ఎన్నిసార్లు అడిగిందో.

"నగరం ఎంత దూరం?"

"ఎనిమిది గంటలు."

"ఎదురు కొండకే నా గొంతు చేరదు. ఎనిమిది గంటల దూరం ఎలా చేరుతుందే? ఈలైతే పోతుంది."

"గొంతు మోసుకెళ్లడానికేగా ఈ యంత్రం!"

"పాపం, దాని మీద ఎందుకంత బరువు వెయ్యడం?" అనేవాడు, యంత్రాన్ని ఎద్దు వీపు నిమిరినట్టు నిమురుతూ.

ఒకసారి పట్నం ఆసుపత్రికి ఫోను చేసి తన కడుపునొప్పి సంగతంతా ఈలలో చెప్పాడు. అక్కడి నర్సమ్మ అది ఫ్యాక్స్ అనుకుని లైను మెషీనుకు కలిపి, కాగితం పెట్టి కూర్చుంది. మెషీను కూడా తన కూత తాను కూసింది. మామయ్య ముఖం వికసించింది.

"కొత్త డాక్టరు మనవైపు వాడే. ఉచ్చారణ మరీ అన్యాయం అనుకో, అయినా జవాబిచ్చాడు," అని ఊరంతా చెప్పుకున్నాడు. కడుపునొప్పి కూడా తగ్గిందట.

ఇంకోసారి కరెంటు ఆఫీసుకు చేశాడు. అక్కడ మాట్లాడేది టేపు గొంతు. 'క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి' అంది. ఈయన ఇంకొంచెం నిదానంగా వేశాడు. అది మళ్లీ క్షమించమంది. అలా అరగంట గడిచింది. బయట వరసలో ఉన్నవాళ్లు కాళ్లు మార్చి మార్చి నిలబడ్డారు.

"మామయ్యా, అది మనిషి కాదు!"

"నాకిన్నేళ్లొచ్చాయి. ఆ ఊళ్లో నన్ను క్షమించమన్నది ఆ పిల్లొక్కతే. మధ్యలో పెట్టెయ్యడానికి మనసెలా వస్తుందే?"

ఇవన్నీ ఒక ఎత్తు, ఆదివారం నాలుగు గంటల ఫోను ఒక ఎత్తు. ఇల్లు లోయలో ఉండటం వల్ల మామయ్యకు అక్కడ సిగ్నలు రాదు. అందుకని ప్రతి ఆదివారం స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆఫీసు బల్ల మీద ముందుగానే వచ్చి కూర్చుంటాడు. ఫోను మోగగానే, "అబుందియో! నాకే!" అంటూ ఒడిలియా చెయ్యి పడేలోపు లాక్కుంటాడు. అబుందియో ఆయన పాత స్నేహితుడు, నగరంలో ఉంటాడు. ఇక అరగంట ఈలలూ, టర్కీ కోళ్లూ. అటువైపు ఈల మామయ్య చెవిలోనే ఉండిపోయేది. ఇటువైపు ఈల మాత్రం మూడు వీధులకు వినపడేది. 'మీ అమ్మ బాగా తింటోంది, దిగులుపడకు' అని ఈయన వేస్తే బయట ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. అబుందియోకు డెబ్బై దాటాయి. ఆయన తల్లిని పూడ్చిన చోట మొలిచిన చెట్టుకు ఇప్పుడు కాయలు కూడా కాస్తున్నాయి.

"మీ మామకి మతి తప్పుతోందమ్మాయ్," అని పెత్రోనిలా అత్త కిటికీలోంచి చెప్పేది. ఒడిలియా తల దించుకుని కీబోర్డు తుడుచుకునేది.

ఇంట్లో ఇంకో బాధ ఉంది. ఒడిలియా తమ్ముడు సెల్సో నగరంలో ఒక హోటల్లో పనికి కుదిరాడు. ఫోను వచ్చిన మొదటి వారంలో ఒకే ఒక్కసారి చేశాడు. ఆ రోజుల్లో ఊరంతా వినాలని ఒడిలియా స్పీకరు పెట్టి ఉంచేది. వరస చర్చి మెట్ల దాకా ఉంది. సెల్సోకు చిన్నప్పటి నుంచీ నత్తి. "అ... అ... అక్..." అని మొదటి మాట దగ్గరే తిరుగుతున్నాడు. ఒడిలియా, "తొందరగా చెప్పరా, వెనక జనం ఉన్నారు" అంది. వరసలో ఎవరో నవ్వారు. లైను తెగింది. మళ్లీ చేస్తాడులే అనుకుని తర్వాతి వాళ్లను పిలిచింది. ఏడాదిన్నర అయింది, వాడు మళ్లీ చెయ్యలేదు. నగరం నీళ్లు పడేసరికి పొగరెక్కిందని ఆమె తేల్చేసింది. అమ్మ మాత్రం రోజూ అడిగేది, "ఇవాళ మోగిందా?" అని. లేదని చెప్పలేక ఒడిలియాకు ఏదో ఒక పని గుర్తొచ్చేది.

అమ్మకు ఊరట మామయ్యే. ఆదివారం సాయంత్రం వచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, చిక్కుడు గింజల కుండలో చెయ్యి పెడుతూ చెప్పేవాడు.

"బస్సు డ్రైవరు కనిపించాడు చెల్లాయ్. మన సెల్సోని గిన్నెలు కడిగే దగ్గర్నుంచి కూరలు తరిగే దగ్గరకి మార్చారట. వేలు తెగిందట, మానిందట."

"ఆదివారం బస్సే లేదు కదా మామయ్యా?" అని ఒడిలియా నిలదీసేది.

"శనివారం చెప్పాడే. ఆదివారం గుర్తొచ్చింది."

అమ్మను సంతోషపెట్టడానికి ఈయన అబద్ధాలు కూడా మొదలుపెట్టాడని ఒడిలియా మరింత చిరాకుపడేది.

ఆ చిరాకు పొంగిపొర్లింది నగరం నుంచి అతిథులు వచ్చిన రోజున. ఏదో సంస్థ వాళ్లు. సొంతంగా ఫోను పెట్టుకున్న ఊరిని వీడియో తీస్తామన్నారు. ఒడిలియా వారం రోజులు ఉపన్యాసం బట్టీ పట్టింది. పూల కుట్టు జాకెట్టు రెండుసార్లు ఇస్త్రీ చేసింది. కెమెరా ఆమె వైపు తిరిగి, "మా స్తంభం ఎత్తు..." అని నోరు తెరిచిందో లేదో, పక్కనున్న ఫోనులో మామయ్య ఈల అందుకున్నాడు. పదకొండు కోళ్లూ పలికాయి. కెమెరా అటు తిరిగిపోయింది. మళ్లీ ఇటు తిరగనే లేదు.

"అద్భుతం! పాత సంప్రదాయం, కొత్త యంత్రం, రెండూ ఒకే చోట!" అని వాళ్లలో తెల్ల బూట్లావిడ చేతులు జోడించి మురిసిపోయింది. "పెద్దాయనా, మా కోసం ఒక్కసారి..."

మామయ్య ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, మర్యాదగా, పొడుగ్గా ఒక ఈల వేశాడు. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు కొంగుల్లో ముఖాలు దాచుకున్నారు.

"ఏమన్నారు? దయచేసి తర్జుమా చెయ్యండి," అంది ఆవిడ ఒడిలియాతో.

ఈవిడ తెల్ల బూటు టర్కీ కోడి రెట్టలో ఉంది, ఎవరూ చెప్పరేం, అన్నాడు ఆయన.

"మా ఊరికి స్వాగతం అంటున్నారు," అంది ఒడిలియా. చెవులు మాత్రం మిరపపళ్లలా ఎర్రబడ్డాయి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చినంత పని చేసింది. తల తీసేసినట్టయిందని అమ్మతో చెప్పింది.

తర్వాతి ఊరిసభలో ఆమే లేచి నిలబడింది. కొత్త మెషీనులో ఒక ఫిల్టరు ఉంది, మనిషి గొంతును ఉంచి మిగతాదంతా రొద కింద తీసిపారేస్తుంది, పెడితే అందరి మాటలూ శుభ్రంగా వినపడతాయి అంది. ఎవరి పేరూ ఎత్తలేదు. అందరూ తలలు తిప్పి ఒకాయన్నే చూశారు.

"మా తాత వేసిన ఈల రొదా?" అన్నాడొక ముసలాయన.

"మీ తాత ఆసుపత్రికి ఫోను చెయ్యలేదుగా!" అన్నాడొక కుర్రాడు.

సభాపెద్ద గారు గొంతు సవరించుకున్నారు. "ఈల కొండ మీద వేసుకోండి, ఎవరొద్దన్నారు? ఫోనులో మాట్లాడండి. చేతులెత్తండి."

చేతులు లేచాయి. అందరూ భయపడింది మామయ్య ప్రసంగానికి. ఆ పెళ్లినాటి వాన మొదలైతే తెల్లారే దాకా ఆగదు. ఆయన మాత్రం టోపీ అంచును వేళ్లతో తిప్పుతూ కూర్చున్నాడు. గెలిచానని ఒడిలియా మనసు గంతులేసింది. ఇంటికి వెళ్తూ ఒకటి రెండుసార్లు వెనక్కి చూసింది, అంతే.

ఆ ఆదివారం మామయ్య మామూలుగానే స్నానం చేసి, ఉతికిన చొక్కాతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నాలుగింటికి ఫోను మోగింది. ఈసారి లాక్కోలేదు. ఒడిలియాయే తీసింది.

"హలో, సాన్ ఫెర్మిన్. ఎవరు?"

అవతల నిశ్శబ్దం. బావిలో చెవి పెట్టినట్టుంది. కాసేపటికి లైను తెగింది. మళ్లీ మోగింది. మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ తెగింది.

"ఒడిలియా, ఆ ఫిల్టరు ఒక్క నిమిషం తియ్యమ్మా," అన్నాడు మామయ్య.

"సభ తీర్మానం మామయ్యా. అబుందియో మామకి నోరుంది కదా, మాట్లాడమను."

"ఊరి పనికి నాలుగు రోజులు ఎక్కువొస్తాను. చర్చి గోడకి సున్నం నేనొక్కణ్ణే వేస్తాను. ఒక్క నిమిషం తియ్యి తల్లీ."

ఆయన ఎవరినీ బతిమాలగా ఆమె చూడలేదు. "అసలెవరు మామయ్యా అది?"

మామయ్య టోపీ బల్ల మీద పెట్టాడు. "సెల్సో," అన్నాడు. "చెప్పనని వాడికి మాటిచ్చాను. నువ్వు సభ పెట్టావు కాబట్టి చెప్పాల్సి వచ్చింది."

ఒడిలియా చేతిలోని ఫోనును బల్ల మీద పెట్టేసింది.

"ఆ రోజు వరసలో నేనూ ఉన్నానే. నవ్వినవాణ్ణి తర్వాత నాలుగు దులిపాననుకో. పై వారం నగరం వెళ్లి వాణ్ణి పట్టుకున్నాను. ఫోను చెయ్యరా అంటే, మా... మాట రాదు మామయ్యా, జనం నవ్వుతారు అన్నాడు. మరి చిన్నప్పుడు కొండ మీద మేకలు కాస్తూ గంటలు గంటలు ఈల వేసేవాడివి, ఒక్కచోటైనా తడబడ్డావా, ఈలలో చెప్పరా అన్నాను. ఫోనులో నేనొక్కణ్ణే ఈల వేస్తే ఇంకా నవ్వుతారు అన్నాడు." మామయ్య ముక్కు తుడుచుకున్నాడు. "ఒక్కడివే ఎందుకవుతావు, నేనూ వేస్తాను, ఆసుపత్రికీ వేస్తాను, కరెంటు వాళ్లకీ వేస్తాను, నవ్వేవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు అన్నాను. అదీ ఒప్పందం. ఏడాదిన్నరగా నా పెదాలు పగిలిపోతున్నాయే. ఆ డ్రైవరు మొహం అప్పటి నుంచి నేను చూడనే లేదు."

ఒడిలియాకు సిగ్గేసింది. అతిథుల ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది? అప్పుడు ముఖం కడుక్కుంటే పోయింది. ఇది గోడ మీది సర్టిఫికెట్టు వైపు కూడా చూడనివ్వలేదు. వెనక జనం ఉన్నారని తమ్ముడితో అన్నది తనే. పొగరని తేల్చింది తనే. మూడు నెలలు చదివొచ్చిన చదువుతో, ఊరందరి చేతులు ఎత్తించి మరీ, వాడికి మిగిలిన ఆ ఒక్క నోటినీ మూసేసిందీ తనే.

ఫోను మూడోసారి మోగింది. ఆమె కంప్యూటరు మీదికి వంగి ఫిల్టరు తీసేసింది. సభ ఏమంటుందో రేపు చూసుకోవచ్చు. ఫోను చెవికి పెట్టుకుంది.

సన్నగా, స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా ఈల వచ్చింది. 'మామయ్యా, ఎందుకు పలకవు? అమ్మకి బాగాలేదా? లైను దగ్గర జనం ఎక్కువుంటే చెప్పు, పెట్టేస్తాను. అక్కకి ఇంకా నా మీద కోపమేనా?'

ఒడిలియా ఫోనును మామయ్యకు అందించబోయింది. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గరున్నాడు.

"మీ అమ్మ చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టి ఉంటుంది. మాడిపోతాయేమో చూసొస్తాను," అని వెళ్లిపోయాడు. బయట కిటికీ కింద ఆయన టోపీ అంచు ఆగి ఉండటం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

మాట్లాడాలని నోరు తెరిచింది. తన గొంతు వినపడితే వాడు మళ్లీ ఆనాటి వరస గుర్తొచ్చి పెట్టేస్తాడేమోనని భయమేసింది. పుట్టాక ఎప్పుడూ చెయ్యని పని చేసింది. రెండు వేళ్లు మడిచి నాలిక కింద పెట్టుకుంది. ఊదింది. ఉమ్మి వచ్చింది, గాలి వచ్చింది, ఈల రాలేదు. మళ్లీ ఊదింది. తమ్ముడూ అనాలని ఆమె ఆశ. మొదటి ముక్క పలికి తెగిపోయింది. మళ్లీ అదే ముక్క. మళ్లీ తెగింది. పక్క దొడ్లో టర్కీ కోళ్లు ఒక్కటంటే ఒక్కటి పలకలేదు. వాటి దృష్టిలో అది అసలు ఈలే కాదు.

కిటికీ కింద ఎవరో దగ్గినట్టు నవ్వు ఆపుకున్నారు.

అవతల వాడు పెట్టేశాడేమోనని ఆమె ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అప్పుడు ఈల వచ్చింది, చిన్నపిల్లకు నేర్పుతున్నంత నెమ్మదిగా.

'అక్కా, నిదానంగా చెప్పు. నా వెనక ఎవరూ లేరు.'

ఒడిలియా చేతి వెనకతో మూతి తుడుచుకుని, కళ్లు కూడా తుడుచుకుని, వేళ్లు సర్దుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నాలుగోసారికి దొడ్లో ఒకే ఒక్క కుంటి టర్కీ కోడి అనుమానంగా బదులు పలికింది.